పాలసొర కోసం వెళ్లిన రోజు

మా అప్పకు తొలికాన్పులో కొడుకు పుట్టాడు. అక్కను మా పేటలో అప్ప అనే పిలుస్తాం. కాన్పు తేలిగ్గానే అయింది. పిల్లాడు నల్లగా, నిండుగా, మంత్రసాని చేతుల్లో కాళ్లు ఝాడిస్తూ పుట్టాడు. కానీ అప్పకు పాలు పడలేదు.

మొదట్లో ఎవరూ దాన్ని పట్టించుకోలేదు. తొలిచూలు కదా, ఆలస్యమవుతుంది అన్నారు. తర్వాత పిల్లాడి ఏడుపు మారింది. పేట చివరికి వినిపించే గొంతు సన్నబడి పిల్లికూనలా అయిపోయింది. ఎదురింటి బాలింత పూటకొకసారి వచ్చి వాణ్ని ఒళ్లో వేసుకునేది. ఆమె పాలు ఆమె పిల్లకే అంతంతమాత్రం. వాడు రొమ్ము వదలకుండా పట్టుకుంటే ఆమె మొహంలో జాలీ విసుగూ రెండూ కనిపించేవి. ఆమె వచ్చినప్పుడల్లా అప్ప గోడవైపు తిరిగి పడుకునేది.

అప్పుడు మా అమ్మ మా బావను పిలిచి చెప్పింది.

“బాబూ, పాలసొర తెచ్చియ్యి. తాజాది కావాల. సచ్చి నిలవున్నది అది నోట్లో పెట్టలేదు.”

పాలసొర బారెడు కూడా పెరగని చిన్న జాతి సొరచేప. దాన్ని ఉడికించి, తోలు వలిచి, మాంసం పొడిపొడిగా చిదిమి, వెల్లుల్లి దండిగా వేసి వేయించి బాలింతకు పెడతారు. పాలు పడతాయని మా వాళ్ల నమ్మకం. సముద్రం ఒడ్డున పుట్టిన ఏ తల్లినడిగినా అదే మాట చెబుతుంది.

దాన్ని తాజాగా తేవడమే కష్టం. మిగతా చేపలకు చెంపల మీద మూతలుంటాయి. అవి నిలుచున్న చోటే నోరు తెరుస్తూ, మూత ఆడిస్తూ నీళ్లు పీల్చి వదలగలవు. సొరకు ఆ మూత ఉండదు. మెడకు అటూ ఇటూ కత్తితో గీసినట్టు ఐదేసి చీలికలుంటాయి, అంతే. మా వైపు దొరికే సొరల్లో చాలావాటికి ఈదుతుంటేనే ఊపిరి. నోట్లో దూరిన నీరు ఆ చీలికల్లోంచి బయటికి పోతూ ఉండాలి. గేలానికి చిక్కి కదలలేకపోతే నీళ్లలో ఉండి కూడా ఊపిరాడక చచ్చిపోతుంది. అలా చచ్చిన సొర మాంసం ఎండ తగిలేసరికి ఉచ్చకంపు కొడుతుంది. అందుకే గేలాల తాడు వేసి ఒడ్డుకొచ్చేసి, సాయంత్రం వెళ్లి తెచ్చుకుందామంటే కుదరదు. అక్కడే కాచుకుని, పడినదాన్ని పడినట్టే పైకి తీయాలి.

బావతో రోజూ తెప్ప మీద వెళ్లే మనిషి జ్వరంతో మంచం పట్టాడు. నేనప్పుడు నరసన్నపేటలో ఒక రైసుమిల్లులో పని చేస్తూ, కాన్పు కబురు తెలిసి ఇంటికి వచ్చాను. అరవైల చివరి మాట. పెళ్లి కాలేదు గానీ మీసాలు బాగానే దిట్టంగా ఉన్న వయసు.

“ఒరే, వస్తావా?” అన్నాడు బావ.

“వస్తాను.”

“సముద్రం మరిసిపోనావేటో.”

“మరిసిపోతే నువ్వున్నావు కదా.”

ఆయన నవ్వలేదు. నేను ఇంటికి వచ్చిన నాటి నుంచి ఆయన నవ్వడం నేను చూడలేదు.

తెల్లవారుతుండగా తెప్ప నీళ్లలోకి తోశాం. మాఘమాసం. కెరటాలు తక్కువ, ఉత్తరపు గాలి చల్లగా ఉంది. తెప్ప చూడనివాళ్ల కోసం చెప్పాలి. అది పడవ కాదు. తేలిక కర్ర మానులు పక్కపక్కన పేర్చి, ముందొక కట్టు, వెనకొక కట్టు కొబ్బరితాడుతో బిగిస్తారు. అంచులు, గోడలు ఏమీ ఉండవు. మోకాళ్ల మీద కూర్చుంటే మానుల సందుల్లోంచి నీళ్లు పైకి చిమ్మి మళ్లీ దిగిపోతుంటాయి. మనిషికీ సముద్రానికీ మధ్య ఉన్నదల్లా ఆ రెండు కట్లే.

ఒడ్డున తాటిచెట్లు సన్నటి గీతలా మిగిలేదాకా వెళ్లి తెరచాప దించాం. కవళ్లనే చిన్న చేపలు ఎరగా గుచ్చి గేలాల తాడు వదిలాం. తాడు రెండో కొసను బావ తెప్ప వెనక కట్టుకు ముడి వేశాడు. పొద్దు కాస్త ఎక్కేసరికి మొదటి పాలసొర పడింది. బూడిదరంగు వీపు, తెల్లటి పొట్ట. తాటాకు గంపలో వేస్తే దాని నోరు తెరుచుకుంటూ, మెడ చీలికలు వణుకుతూ ఉన్నాయి. గంప కింది నుంచి నీళ్లు తగిలినప్పుడల్లా ఒళ్లు విదిలించేది. బావ దానిమీద తడిగోనె కప్పాడు. ఆ తర్వాత వరసగా మరికొన్ని పడ్డాయి. ఆయన మొహం తేటపడింది.

“ఈటితో నాలుగు పూటలు గడుస్తాది. ఇంకొక్కటి సూసుకుని ఎల్లిపోదుం,” అన్నాడు.

ఆ ఒక్కటి పైకి వచ్చేసరికి తల మాత్రమే ఉంది. మెడ చీలికల దగ్గర నుంచి వెనకభాగం లేదు. తెగిన చోటు చంద్రవంకలా, శుభ్రంగా ఉంది. నోరు ఇంకా ఆడుతోంది.

బావ దాన్ని చేతిలో పట్టుకుని ఒకసారి చుట్టూ నీళ్లకేసి చూశాడు. “పెద్దది వచ్చినాది,” అన్నాడు, గొంతు తగ్గించి.

“తాడు వదిలీ బావా. ఎల్లిపోదుం.”

“ఇంకా రెండున్నాయి తాడుకి. లాగనీ.”

అలా అనడంలో ఆయన తప్పేమీ లేదు. ఇంట్లో పిల్లాడి ఏడుపు వినివచ్చిన తండ్రి రెండు సొరలు నీళ్లకు వదిలేయలేడు. తాడు అరచేతికి చుట్టుకుని గబగబా లాగుతున్నాడు. నేను ఆయన వెనక కూర్చుని వచ్చిన తాడు వచ్చినట్టు చుట్ట చుడుతున్నాను. అప్పుడు నీళ్ల కింద ఒక నీడ కదిలింది. మొదట మేఘం నీడ అనుకున్నాను. ఆకాశంలో మేఘం లేదు.

అది పులిసొర. వీపు మీద వెలిసిపోయిన చారలు. తల మొద్దుగా, ముట్టె ముందు నరికేసినట్టు ఉంది. అది తెప్ప పక్కనుంచి పోతుంటే తల నన్ను దాటిపోయాక కూడా ఒళ్లు వస్తూనే ఉంది. తొందరేమీ లేదు దానికి. ఒక చుట్టు తిరిగింది. రెండో చుట్టులో దగ్గరికి వచ్చింది. తాడు చివర కొట్టుకుంటున్న పాలసొర నా చేతికి అందేంత దూరంలో ఉంది. పులిసొర నోరు తెరిచే ముందు దాని కంటి మీదికి కింది నుంచి తెల్లటి పొర ఒకటి లేచి కప్పేసింది. ఆ తర్వాత దవడ మొహంలోంచి ఊడి వచ్చినట్టు ముందుకు తోసుకొచ్చింది. పట్టుకుని తల అటూ ఇటూ విదిలించింది. రంపం కోసినట్టే. చేపతో పాటు గేలం కూడా దాని నోట్లోకి పోయింది.

గేలం గుచ్చుకున్నట్టుంది. అది ఒక్కసారిగా కిందికి దిగింది. బావ చేతికి చుట్టి ఉన్న తాడు జారుతూ అరచేతిని చీల్చుకుంటూ పోయింది. ఆయన అరవలేదు, ముక్కుతో ఒక మూలుగు మూలిగాడు. తాడు కొస వెనక కట్టుకు ఉంది కదా, తెప్ప వెనక్కి గుంజుకుపోయింది. నీళ్లు నడుముదాకా వచ్చాయి. కొబ్బరితాడు కిర్రుమంది.

“కత్తి, కత్తి,” అన్నాడు బావ.

కత్తి నా మొలలో ఉంది. తీసి తాడు మీద పెట్టాను. కోసేలోపే వెనక కట్టు పుటుక్కున తెగింది. గేలాల తాడు పాములా జారిపోయి మాయమైంది. తెప్ప ఆగింది. వెనక వైపు మానులు మెల్లగా విడిపోవడం మొదలుపెట్టాయి. అంచునున్న మాను ముందు కట్టు మీద తిరిగి, పక్కకు జరుగుతూ దూరమవుతోంది.

బావ చెయ్యి చూశాను. అరచేతికి అడ్డంగా తాడు తెగ్గోసిన గాడి. దాన్లోంచి నెత్తురు మానుల సందుల్లోకి కారుతోంది.

ఆ తెప్పతో ఒడ్డుకు పోవడం కుదరదు. కెరటాలు విరిగే చోట ఒక్క దెబ్బకు మానులన్నీ చెదిరిపోతాయి. వాటి మధ్య మనిషి పడితే ఎముకలు మిగలవు. ఇక్కడే, లోతులోనే కట్టు వేయాలి. బావ చాప తాడు విప్పాడు. తాడు కింది నుంచి పోనిచ్చి, అవతలి పక్కన పైకి తీసి, బిగించాలి. ఒడ్డు మీద అయితే ఇద్దరు మనుషులకు బీడీ కాల్చేంత పని. నీళ్లలో అయితే ఎవరో ఒకరు మానుల కిందికి దిగాలి.

“నేను దిగుతాను,” అన్నాడు.

“ఆ సెయ్యితోనా?”

ఆయన చేతికేసి చూసుకున్నాడు. తలగుడ్డ విప్పి గట్టిగా చుట్టుకున్నాడు. గుడ్డ చూస్తుండగానే ఎర్రబడింది. దూరంగా నీళ్ల మీద రెక్క ఒకటి తేలి, పక్కకు తిరిగి, మునిగింది.

“ఒరే, నువ్వే దిగాల,” అన్నాడు.

“దిగుతాను.”

“ఇను. కాళ్లు కొట్టీకు. మానుని కావిలించుకుని సల్లగా దిగు. అది దగ్గరికొస్తే తిరిగి పారిపోకు, దానికేసే సూడు. నేను మాను మీద తెడ్డుతో కొడతాను. ఒక్క దెబ్బంటే అది దూరంగా ఉన్నాది. వరసగా కొట్టినానంటే పైకొచ్చీ. ఏది ఎలగున్నా వచ్చీ.”

“అది వస్తే నువ్వేటి సేస్తావు?”

ఆయన గంప మీద గోనె తీశాడు. పాలసొరల్లో ఒకటి రెండు ఇంకా కదులుతున్నాయి. “ఇయ్యి ఇసురుతాను. నీరు లాగే పక్కకి. దానికి ముందు ముక్కుకి తెలుస్తాది.”

“అప్పకో?”

“మాటాడకు. దిగు.”

తాడు కొస పళ్లతో పట్టుకుని దిగాను. నీళ్లు చల్లగా ఉన్నాయి. మానుల కింద నీడ, ఆ నీడకు అవతల పచ్చటి వెలుతురు, ఆ వెలుతురుకు అడుగు లేదు. నా కాళ్లు ఎక్కడున్నాయో నాకే తెలియనట్టు అనిపించింది. మాను మీద ఠక్కుమని ఒక దెబ్బ వినిపించింది. నీళ్లలో ఆ శబ్దం పక్కటెముకల్లో మోగింది. మొదటిసారి తాడు దాటించి అవతల బావ చేతికి అందించి పైకి తేలాను. ఊపిరి పీల్చుకున్నాను.

“రెండో సుట్టు,” అన్నాడు ఆయన.

రెండోసారి దిగినప్పుడు దాన్ని చూశాను. వెలుతురులోంచి వచ్చింది. నోరు కొంచెం తెరిచి ఉంది. మెడ చీలికలు మెల్లగా తెరుచుకుని మూసుకుంటున్నాయి. కోపంతో రావడం లేదు, నా కోసమే వచ్చినట్టు కూడా లేదు. అది ఊపిరి పీల్చుకుంటూ వస్తోంది. నేను ఊపిరి బిగబట్టుకుని ఉన్నాను. దాని కన్ను నల్లగా, తెరిచే ఉంది. తెల్లపొర లేవలేదు. కన్ను కనిపిస్తున్నంతసేపూ కొరకదు అని నాకు నేను చెప్పుకున్నాను. అది నిజమో కాదో తెలియదు, పట్టుకోవడానికి ఆ ఒక్క మాట దొరికింది.

పైన దెబ్బలు వరసగా పడ్డాయి. అదే సమయంలో నీళ్లలో ఏదో పడిన చప్పుడు. పులిసొర ఒళ్లంతా ఒక్కసారి వంపు తిరిగింది. నేను మాను పక్కనుంచి తేలేసరికి అది అవతల పాలసొరను పట్టుకుని విదిలిస్తోంది. నీళ్లు ఎర్రగా పొంగాయి. చిన్న చేపలు ఎక్కడివో గుంపుగా ఆ ముక్కల మీద పడ్డాయి.

“ఎక్కీ,” అన్నాడు బావ.

“ఇంకెంత ఉన్నాది?”

“బయట మాను లోపలికి తొయ్యాల. నువ్వు భుజంతో తోస్తే నేను బిగిస్తాను.”

“మరి ఎక్కమంటావేటి?”

ఆయన నా మొహంలోకి చూశాడు. ఆ చూపు నాకు ఇప్పటికీ గుర్తు. అడగలేక అడుగుతున్న మనిషి చూపు. “బిగించినప్పుడు నేను తెడ్డు కొట్టలేను. నాకు ఒక్క సెయ్యే,” అన్నాడు. “నీకు దెబ్బలు ఇనబడవు.”

గంపలో మిగిలిన పాలసొరలన్నీ ఒకదాని వెంట ఒకటి, బలం కొద్దీ దూరంగా విసిరేశాడు. చివరిదాన్ని ఒక్క క్షణం చేతిలో పట్టుకున్నాడు. తర్వాత దాన్నీ విసిరాడు.

నేను బయటి మానుకు అవతలి వైపు వెళ్లి, భుజం ఆనించి లోపలికి తోశాను. ఇప్పుడు నా వీపు మొత్తం సముద్రం వైపు ఉంది. చూడాలంటే తల తిప్పాలి, తల తిప్పితే భుజం సడలుతుంది. తోస్తూ ఉన్నాను. పైన బావ తాడును పళ్లతో పట్టి, ఎడమచేత్తో లాగి, మోకాలు వేసి బిగిస్తున్నాడు. దెబ్బలు లేవు. చప్పుడే లేదు. తాడు మెలిపడుతున్న కిరకిర, ఆయన ముక్కుతో తీసే శ్వాస, అంతే. నా వెనక నీళ్లు ఎంత నిశ్శబ్దంగా ఉంటే అంత దగ్గరగా ఉన్నట్టు తోచింది.

“కొంచెం... ఇంకొంచెం తొయ్యి,” అన్నాడు పళ్ల సందునుంచి.

అప్పుడు నా తొడ పక్కనుంచి ఏదో రాసుకుంటూ పోయింది. గరుకుకాగితం పెట్టి చెక్కను రుద్దినట్టు. చాలాసేపు పోయింది, దాని పొడవంతా. సొర తోలు ఎంత గరుకో మా పేటలో అందరికీ తెలుసు, ఎండబెట్టి చెక్కలు నున్న చేయడానికి వాడేవాళ్లు. నా తొడ మండింది. కాళ్లు ముడుచుకోలేదు. ధైర్యం వల్ల కాదు. కాళ్లు నా మాట వినడం మానేశాయి.

“అయిపోనాది. రా. రా,” అన్నాడు బావ, నా జుట్టు పట్టి, చంక కింద చెయ్యి వేసి లాగాడు. నేను సగం పైకి వచ్చానో లేదో మాను కింది నుంచి దబ్బుమని ఒక గుద్దు. తెప్ప అంతా అదిరింది. ముట్టెతో పొడిచింది. కట్టు నిలిచింది. నేను బోర్లా పడి మానులను రెండు చేతులా పట్టుకున్నాను. తొడ మీద తోలు లేచిపోయి, చిన్నచిన్న నెత్తురు చుక్కలు పొడుచుకొస్తున్నాయి.

విసరడానికి ఇక ఏమీ లేదు. చాప తాడు కట్టుకు పోయింది కనుక చాప ఎత్తలేం. తెడ్లు వేశాం. నీళ్లు చప్పుడు కాకుండా, తెడ్డును నూనెలో ముంచినట్టు దించి లాగుతూ. బావ ఒంటిచేత్తో, తెడ్డు పిడిని చంకలో ఇరికించుకుని వేశాడు. రెక్క కాసేపు మా వెనకే వచ్చింది. తాటిచెట్లు మళ్లీ చెట్లలా కనిపించేదాకా చేతులు ఆపలేదు. నీటి రంగు మారి మట్టిపచ్చగా అయ్యాక వెనక్కి చూస్తే అది లేదు. ఎప్పుడు వెళ్లిందో చూడలేదు.

కెరటాల్లో కట్టు ఆగింది.

ఒడ్డున అమ్మ ఉంది. ఖాళీ గంప చూసింది, బావ చెయ్యి చూసింది, నా తొడ చూసింది. ఇంటికి తీసుకెళ్లి పసుపు అద్ది కట్టింది. ఆ మధ్యాహ్నమే ఎండలో ఒడ్డు వెంబడి పక్కపేటకు నడిచి వెళ్లింది. అక్కడ ఎవరి వలలోనో పాలసొరలు పడ్డాయట. నెత్తి మీద గంపలో తెచ్చి వండింది.

ఈలోగా జరిగింది అప్ప చెవిన పడింది. ఎవరు చెప్పారో తెలియదు, పేటలో ఏ మాటా దాగదు. మమ్మల్నిద్దరినీ పిలిపించింది. బావ గుమ్మం బయటే నిలబడ్డాడు. అప్ప మంచం మీద లేచి కూర్చుని నా తొడ చూపించమంది. చూసి, ఆయనవైపు తిరిగింది.

“పిల్లడికి పాలు నేకపోతే ఎవులో ఒకలు ఇస్తారు,” అంది. “నా తమ్ముడు పోతే ఎవుల్ని తెస్తావు?”

“నేనే దిగినాను అప్పా. ఆడికి సెయ్యి తెగిపోనాది,” అన్నాను. తొట్రుపాటులో బావను వాడు అనేశాను.

“నువ్వు మాటాడకు. ఆ సేపలు తీసుకుని పొండి. నాకొద్దు.”

వండిన పళ్లెం అప్ప ముందు పెట్టి అమ్మ సాయంత్రం దాకా కూర్చుంది. బతిమాలలేదు, తిట్టలేదు, అలా కూర్చుంది. చివరికి పిల్లాడు లేచి ఆ సన్నటి గొంతుతో ఏడ్చాడు. అప్ప పళ్లెం లాక్కుని తినడం మొదలుపెట్టింది. ముద్దముద్దకూ ఎవరినో కొరుకుతున్నట్టు, కళ్లు తుడుచుకోకుండా, పళ్లెం ఖాళీ అయ్యేదాకా తింది.

కొన్నాళ్లకు పాలు పడ్డాయి. సొర వల్ల పడ్డాయో, వాటంతట అవే పడ్డాయో నేను చెప్పలేను. అమ్మకు మాత్రం అనుమానం లేదు. వాడి గొంతు మళ్లీ పేట చివరికి వినిపించింది. ఎదురింటి బాలింత వాకిట్లోనుంచే విని నవ్వింది.

నేను మిల్లుకు తిరిగి వెళ్లాను. అక్కడ వడ్లు నానబెట్టే తొట్టెలుండేవి, నడుముదాకా నీళ్లు. అందులో దిగి వడ్లు తోడాల్సి వస్తే కాలు పెట్టేముందు అడుగు కనిపిస్తోందా అని చూసేవాణ్ని. తొట్టెలో అడుగు కనిపించదు, వడ్లే ఉంటాయి. తెలిసి కూడా చూసేవాణ్ని. తోటిపనివాళ్లు నవ్వితే నేనూ నవ్వేవాణ్ని. ఆ అలవాటు పోవడానికి ఒక వానాకాలం పట్టింది.

బావ చేతి గాయం మానింది గానీ రెండు వేళ్లు పూర్తిగా ముడుచుకోవడం మానేశాయి. అప్ప మాత్రం ఆ రోజు నుంచి ఆయనతో మాట్లాడలేదు. ఆయన రోజూ సాయంత్రం మా అరుగు మీదికి వచ్చి కూర్చునేవాడు. అమ్మ పిల్లాణ్ని తెచ్చి ఒళ్లో పెట్టేది. ఆయన వాణ్ని ఎడమచేత్తో ఎత్తుకుని, దెబ్బ తగిలిన చేతిని ఆసరాగా పెట్టి, సముద్రం కేసి కాకుండా వీధికేసి చూస్తూ కూర్చునేవాడు. అప్ప లోపలి నుంచి గమనించేదని నాకు తెలుసు, తలుపు సందులో ఆమె చీర అంచు కనిపించేది. నేను సెలవు మీద మళ్లీ వచ్చిన రోజు కూడా అలాగే కూర్చున్నాం ఇద్దరం. పిల్లాడు ఆయన చేతి మీద నిద్రపోయి, మెడ పక్కకు వాలిపోయింది.

“ఆడి తల జారిపోతంది. సరిగ్గా పట్టుకో,” అంది అప్ప, లోపలి నుంచే.

బావ ఒక్కసారి తలుపు వైపు చూశాడు. తర్వాత ముడుచుకోని ఆ వేళ్లను పిల్లాడి మెడ కిందికి జాగ్రత్తగా పోనిచ్చాడు.